బదిలీ అయ్యాక కూడా నడిచే వెబ్‌సైట్

గ్రంథాలయానికి ఓపెన్ సోర్స్ సీఎంఎస్ ఎంచుకోవడం, నేర్చుకోవడం

కాలేజీకి న్యాక్ బృందం వస్తోందంటే అందరికీ వెబ్‌సైట్ గుర్తొస్తుంది. బయటినుంచి ఎవరినో పిలిపిస్తారు. కొద్ది రోజుల్లో పేజీలు తయారవుతాయి. గ్రంథాలయం పేరు మీద కూడా ఒక పేజీ వెలుస్తుంది: భవనం ఫొటో, పుస్తకాల సంఖ్య, లైబ్రేరియన్ పేరు, పని వేళలు. బృందం వచ్చి వెళ్తుంది. మూడేళ్ల తర్వాత చూస్తే ఆ పేజీలో పదవీ విరమణ చేసినవారి పేరే ఉంటుంది, పాత వేళలే ఉంటాయి. సరిచేద్దామంటే పాస్‌వర్డ్ వెబ్‌సైట్ చేసినవాళ్ల దగ్గర ఉంది. వాళ్ల ఫోన్ నంబరేమో మారిపోయింది.

ఇలాంటి చోట్ల సాఫ్ట్‌వేర్ తరచుగా మంచిదే అయివుంటుంది. దాన్ని నడపడం తెలిసిన మనిషి గ్రంథాలయంలో లేకపోవడమే అసలు లోటు. అందుకని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే సీఎంఎస్, ఎంచుకునేటప్పుడు "అన్నిటికంటే గొప్పది ఏది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. "నేను బదిలీ అయిన మర్నాడు నా సీట్లో కూర్చునేవాళ్లు దీన్ని నడపగలరా?" అని అడగండి. ఎంపిక, నేర్చుకోవడం, ఖర్చు, భద్రత, అన్నిటికీ ఈ ప్రశ్నే దారి చూపిస్తుంది. ఇదంతా చేయడానికి మీరు కంప్యూటర్ ఇంజినీరు కానక్కర్లేదు. పుస్తకాలను వర్గీకరించడం, విషయ శీర్షికలు ఇవ్వడం, పాఠకుడు అడిగింది అర్థం చేసుకోవడం వచ్చినవారికి ఈ పనిలో సగం ముందే వచ్చు.

మూడు పనులు, మూడు సాఫ్ట్‌వేర్లు

"లైబ్రరీ సాఫ్ట్‌వేర్" అనే ఒక్క మాటతో మూడు వేరువేరు పనుల్ని కలిపేస్తుంటాం. ముందు వాటిని విడదీసుకోవాలి.

మొదటిది గ్రంథాలయ నిర్వహణ: పుస్తకాల జాబితా, సభ్యత్వాలు, ఇష్యూ చేయడం, తిరిగి తీసుకోవడం, జరిమానాలు. దీనికి కోహా ఉంది. మన కాలేజీల్లో ఎక్కువగా కనిపించే సోల్ కూడా ఈ పనికే. అది గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ తయారుచేసినది, ఓపెన్ సోర్స్ కాదు.

రెండోది డిజిటల్ భాండాగారం: పరిశోధన వ్యాసాలు, ప్రాజెక్టు రిపోర్టులు, పాత ప్రశ్నపత్రాల పీడీఎఫ్‌లు. దీనికి డీస్పేస్ ఉంది. అమెరికాలో ఎంఐటీ, హ్యూలెట్ ప్యాకార్డ్ కలిసి 2002లో విడుదల చేశాయి.

మూడోది వెబ్‌సైట్: వేళలు, నోటీసులు, సేవలు, మార్గదర్శకాలు, కొత్త పుస్తకాల కబుర్లు, మిగతా రెండిటికీ దారి చూపే తలుపులు. సీఎంఎస్ అవసరం ఈ మూడోదానికి.

ఈ తేడా పట్టించుకోకపోతే రెండు వైపులా నష్టం. కొందరు ఇరవై వేల పుస్తకాల జాబితాను వర్డ్‌ప్రెస్‌లో పేజీలుగా ఎక్కించే ప్రయత్నం చేస్తారు. పుస్తకం లోపల ఉందో, బయటికి వెళ్లిందో ఆ పేజీ ఎప్పటికీ చెప్పలేదు. ఇంకొందరు, కోహా పాఠకుల పేజీలోనే వార్తలు, నోటీసులు పెట్టుకునే వీలుందని తెలియక, రెండు నోటీసుల కోసం వేరే వెబ్‌సైట్ కట్టి రెండిటినీ మోయలేక అలిసిపోతారు. చిన్న శాఖా గ్రంథాలయానికి కోహా ముంగిలి పేజీయే చాలని తేలితే అక్కడే ఆగండి. అది కూడా మంచి ఎంపికే.

ఓపెన్ సోర్స్‌తో మీకు దక్కేది

న్యూజీలాండ్‌లో లెవిన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి గ్రంథాలయాలను హోరోవెనువా లైబ్రరీ ట్రస్టు నడిపేది. 1999లో వాళ్లకు ఒక చిక్కు వచ్చింది. వాళ్ల పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం తేదీలను తట్టుకోలేదు. కొత్తది కొనాలంటే భారీ ఖర్చు, పైగా మళ్లీ ఒకే కంపెనీ మీద ఆధారపడాలి. వాళ్లు కటీపో కమ్యూనికేషన్స్ అనే స్థానిక సంస్థతో సొంతంగా ఒకటి రాయించుకున్నారు. రాయించుకుని దాచుకోలేదు. జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు. 2000 జనవరిలో అక్కడ పనిలోకి దిగిన ఆ సాఫ్ట్‌వేరే కోహా. ఇప్పుడు మన విశ్వవిద్యాలయాలు కూడా దాన్ని వాడుతున్నాయి.

ఒక చిన్న ఊరి గ్రంథాలయం తన అవసరానికి చేయించుకున్నది ప్రపంచానికి పనికొచ్చిందంటే, దానికి కారణం ఆ లైసెన్సు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడవచ్చు, లోపల ఏముందో చూడవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచవచ్చు. వెబ్‌సైట్ చేసిపెట్టిన సంస్థ మూతపడినా మరో మనిషి వచ్చి పని అందుకోగలడు. గ్రంథాలయానికి దక్కే అసలు లాభం ఇదే.

అయితే ఉచితం అన్న మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోండి. సాఫ్ట్‌వేర్‌కు ధర లేదు. డొమైన్‌కూ హోస్టింగ్‌కూ ఏటా రుసుము ఉంటుంది. కాలేజీలకు సాధారణంగా ఏసీ డాట్ ఇన్ చిరునామా ఎర్నెట్ ఇండియా నుంచి, ప్రభుత్వ సంస్థలకు గవ్ డాట్ ఇన్ చిరునామా ఎన్‌ఐసీ నుంచి వస్తాయి. మీ సంస్థకు ఇప్పటికే ఉన్న చిరునామా కింద గ్రంథాలయానికి ఒక ఉప చిరునామా అడిగితే కొత్త ఖర్చు తప్పుతుంది. డబ్బుకన్నా పెద్ద ఖర్చు సమయం. వారానికి కనీసం రెండు గంటలు ఒక మనిషి దీనికోసం కూర్చోవాలి. ఆ రెండు గంటలు ఎవరివో ముందే తేల్చి, ప్రిన్సిపాల్ చేతనో కార్యదర్శి చేతనో రాతపూర్వకంగా ఒప్పించండి. ఆ మాట తేలకుండా ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించినా వృథాయే.

కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్

ఎంపికకు ముందు చేయాల్సిన పని ఇంటర్‌నెట్‌లో లేదు, మీ కౌంటర్ దగ్గర ఉంది. ఇష్యూ కౌంటర్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టండి. రెండు వారాలపాటు పాఠకులు నోటితో అడిగిన ప్రతి ప్రశ్ననూ వాళ్ల మాటల్లోనే రాయండి.

"మేడమ్, ఎన్‌లిస్ట్ పాస్‌వర్డ్ ఎవరిస్తారు?" "సార్, ఆదివారం రీడింగ్ రూమ్ తీస్తారా?" "గ్రూప్-2 పుస్తకాలు కొత్తవి వచ్చాయా?" "పోయిన ఏడాది సెమిస్టర్ పేపర్లు ఎక్కడున్నాయి?" "నో డ్యూస్ సర్టిఫికెట్‌కి ఏమేం తేవాలి?" "కార్డు పోయింది, ఏం చేయాలి?"

రెండు వారాలయ్యాక ఒకే రకం ప్రశ్నల్ని ఒకచోట చేర్చి లెక్కపెట్టండి. పైన తేలిన ఏడెనిమిదే మీ వెబ్‌సైట్ మెనూ. 'మా గురించి', 'లక్ష్యం', 'దార్శనికత' వంటివి నోట్‌బుక్‌లో ఒక్కసారి కూడా కనిపించవు. వాటిని తీసేయమని అనను, కానీ అవి అట్టడుగున ఉండాలి. పాఠకుడి సమయం ఆదా చేయాలని రంగనాథన్ 1931లోనే గ్రంథాలయ శాస్త్రానికి నాలుగో సూత్రంగా పెట్టారు. ఫోన్ తెరమీద మొదటి చూపులో ఆదివారం వేళలు కనిపించడమంటే ఆ సూత్రాన్ని పాటించడమే.

ఈ నోట్‌బుక్ ఇంకో మేలు కూడా చేస్తుంది. మీకు కావలసింది కొన్ని పేజీలూ నోటీసులేనా, లేక వందల కొద్దీ ఒకే తీరు సమాచారమా అన్నది దానిలోంచే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎంపికకు అదే కీలకం.

నాలుగు పేర్లు

వర్డ్‌ప్రెస్: 2003 మే నెలలో మొదలైంది. ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దీని మీదే నడుస్తున్నాయి. నేర్చుకోవడం తేలిక. తెలిసినవాళ్లు ప్రతి పట్టణంలో దొరుకుతారు. మీ బీకాం కంప్యూటర్స్ విద్యార్థుల్లోనే ఒకరికి వచ్చి ఉండవచ్చు. బలహీనత ఏమిటంటే, ప్రతి అవసరానికీ ఒక ప్లగిన్, అంటే అదనపు సౌకర్యం ఇచ్చే చిన్న ప్రోగ్రామ్, చేర్చుకుంటూ పోతే పాతిక ప్లగిన్లు పేరుకుంటాయి. వాటిలో ఏది చెడినా సైటుకు దెబ్బ.

డ్రూపల్: 2001లో బెల్జియం దేశస్థుడు డ్రీస్ బాయ్‌టార్ట్ మొదలుపెట్టాడు. క్రమబద్ధమైన సమాచారానికి ఇది పెట్టింది పేరు. ఒకటికంటే ఎక్కువ భాషల్లో సైటు నడిపే ఏర్పాటు దీనిలోనే ఉంది, వర్డ్‌ప్రెస్‌లో దానికి ప్లగిన్ కావాలి. నేర్చుకోవడానికి మాత్రం ఓపిక పట్టాలి.

జూమ్లా: 2005లో మాంబో అనే సీఎంఎస్ నుంచి చీలి వచ్చింది. ఎవరు ఏ పేజీ చూడాలి, ఎవరు మార్చాలి అన్న అనుమతుల ఏర్పాటు, బహుభాషా సౌకర్యం దీనిలోనే ఉన్నాయి. మీ సంస్థ వెబ్‌సైట్ ఇప్పటికే జూమ్లాలో ఉండి, దాన్ని నడిపేవాళ్లు పక్క గదిలోనే ఉంటే ఇదే సరైన ఎంపిక.

ఒమేకా: అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో రాయ్ రోజెన్‌జ్వైగ్ సెంటర్ 2008లో విడుదల చేసింది. పాత ఫొటోలు, ఉత్తరాలు, కరపత్రాలు, పత్రికల సంచికలను వివరాలతో సహా ప్రదర్శించడానికి పుట్టింది. ప్రతి వస్తువుకూ డబ్లిన్ కోర్‌లోని 15 అంశాల ప్రకారం వివరాలు నింపుతాం: శీర్షిక, కర్త, విషయం, తేదీ వగైరా. వేటపాలెం సారస్వత నికేతనంలా, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలా పాత పత్రికలు, అరుదైన పుస్తకాలు దాచుకున్న సంస్థలకు ఇది సరిగ్గా అతికే పనిముట్టు. రోజువారీ నోటీసులకు మాత్రం కాదు.

వర్డ్‌ప్రెస్, డ్రూపల్ మధ్య తేడా ఒక ఉదాహరణతో చూద్దాం. మీ గ్రంథాలయానికి అరవై పత్రికలు వస్తాయనుకోండి. వర్డ్‌ప్రెస్‌లో ఒక పేజీ తెరిచి, పట్టిక గీసి, అరవై వరుసలు నింపేస్తారు. గంట పని. కానీ ఒక పాఠకురాలు తెలుగు మాసపత్రికలు మాత్రమే చూడాలంటే ఆ పట్టిక అంతా వేలితో జరుపుకుంటూ పోవాలి. అదే జాబితా కామర్స్ విభాగం పేజీలోనూ కావాలంటే మరో పట్టిక గీయాలి. ఒక పత్రిక ఆగిపోతే రెండుచోట్లా కొట్టేయాలి. రెండోచోట మర్చిపోతాం.

డ్రూపల్‌లో ముందుగా 'పత్రిక' అనే కంటెంట్ టైపు తయారుచేస్తారు. దానికి గడులు పెడతారు: పేరు, భాష, విషయం, ఎన్నాళ్లకొకసారి వస్తుంది, ఏ సంవత్సరం నుంచి మన దగ్గర ఉంది, ఏ అలమరాలో. ఒక్కో పత్రికకు ఒకసారి వివరాలు నింపుతారు. తర్వాత వ్యూస్ అనే పనిముట్టుతో, భాష తెలుగు అయినవి ఒక జాబితాగా, విషయం కామర్స్ అయినవి మరో జాబితాగా చూపించమంటారు. పత్రిక ఆగిపోతే ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. కేటలాగు కార్డు రాసిన చేతికి ఇది కొత్త విద్యేమీ కాదు. వర్డ్‌ప్రెస్‌లో కూడా ప్లగిన్ల సాయంతో ఇలా చేయవచ్చు. అప్పుడు ఆ ప్లగిన్ బతికున్నంత కాలమే మీ జాబితా సుఖంగా ఉంటుంది.

కాబట్టి నా సలహా ఇది. పేజీలూ నోటీసులే ప్రధానం, నడిపేది ఒక్కరే అయితే వర్డ్‌ప్రెస్. ఒకే తీరు సమాచారం వందల్లో ఉండి, శిక్షణ పొందినవాళ్లు కనీసం ఇద్దరు ఉంటే డ్రూపల్. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలోని యాన్ ఆర్బర్ జిల్లా గ్రంథాలయం 2005లో డ్రూపల్‌కు మారింది. 2007కల్లా పాఠకులు కేటలాగులోనే పుస్తకాలకు రేటింగులు, సమీక్షలు, ట్యాగులు ఇచ్చే ఏర్పాటు చేసింది. అది వాళ్లు సాధించగలిగారంటే, కోడ్ రాయగలిగినవాళ్లు గ్రంథాలయ సిబ్బందిలోనే ఉండడమే కారణం. వాళ్లు వాడారు కదా అని మనమూ అదే తీసుకోకూడదు. వాళ్లు తమ మనుషులకు తగినది ఎంచుకున్నట్టే మనమూ మన మనుషులకు తగినది ఎంచుకోవాలి.

తూకం వేసే ఐదు ప్రశ్నలు

ఒకటి: సాయం ఎంత దూరంలో ఉంది? ఆటోలో వెళ్లి కలవగలిగేంత దూరంలో ఇది తెలిసిన మనిషి ఒకరైనా ఉన్నారా?

రెండు: ఈ వెర్షన్‌కు ఇంకా ఎంత ఆయుష్షు ఉంది? డ్రూపల్ 7 ను 2011లో విడుదల చేశారు. 2015లో వచ్చిన డ్రూపల్ 8 లోపల పూర్తిగా తిరగరాసినది కావడంతో, 7 నుంచి 8కి వెళ్లడమంటే సైటు కొత్తగా కట్టుకోవడమే అయింది. చాలామంది వాయిదా వేశారు. 2025 జనవరి 5తో డ్రూపల్ 7 కు అధికారిక మద్దతు ఆగిపోయింది. జూమ్లా 3 కు 2023 ఆగస్టులోనే ఆగిపోయింది. ఎక్కించుకునే ముందు అధికారిక సైటులో మద్దతు ముగిసే తేదీ చూసి రాసుకోండి.

మూడు: అప్‌డేట్లు ఎవరు చేస్తారు? 2014 అక్టోబరు 15న డ్రూపల్‌లో ఒక పెద్ద భద్రతా లోపం బయటపడింది. సవరణ అదేరోజు ఇచ్చారు. ప్రకటన వచ్చిన ఏడు గంటల్లోపు దాన్ని వేసుకోని సైట్లన్నీ చొరబాటుకు గురైనట్టే భావించుకోవాలని ఆ తర్వాత భద్రతా బృందమే చెప్పింది. వారానికొకసారైనా లాగిన్ అయి అప్‌డేట్ చేసే మనిషి లేకపోతే ఎంత మంచి సీఎంఎస్ అయినా ప్రమాదమే. డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌లను (సైటు రూపాన్ని నిర్ణయించే అమరికలను) ఎక్కడో ఉచితంగా దొరికాయని తెచ్చి ఎక్కించకండి. వాటిలో చొరబాటు కోడ్ దాగి ఉండడం మామూలే.

నాలుగు: సమాచారం బయటికి తీసుకోవచ్చా? వర్డ్‌ప్రెస్‌లో 'ఎక్స్‌పోర్ట్' నొక్కితే పేజీలన్నీ ఒక ఫైలుగా వస్తాయి. రేపు ఇంకోచోటికి మారాలంటే మీ రాతలు మీతో రావాలి.

ఐదు: చూపు లేనివారు చదవగలరా? ప్రభుత్వ వెబ్‌సైట్లకు కేంద్రం 2009లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో మూడో కూర్పు తెచ్చింది. సౌలభ్యం వాటిలో ముఖ్యాంశం. థీమ్ ఎంచుకునేటప్పుడే ఈ సంగతి చూడండి.

తెలుగు సరిగా కనిపించాలంటే

మన గ్రంథాలయాల వెబ్‌సైట్లలో ఎక్కువగా కనిపించే లోపం ఒకటుంది. నోటీసును అను ఫాంట్లలో టైపు చేస్తారు. ఆ అక్షరాలు యూనికోడ్ కావు కనుక నేరుగా సైటులో అతికిస్తే గజిబిజిగా వస్తాయి. దాంతో దాన్ని బొమ్మగా మార్చి పెట్టేస్తారు. కంటికి బాగానే ఉంటుంది. గూగుల్‌లో వెతికితే మాత్రం ఆ నోటీసు దొరకదు. చూపు లేని విద్యార్థి ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్ పెట్టుకుని వింటే ఆ చోట ఫైలు పేరు తప్ప ఏమీ వినిపించదు. ఎన్‌వీడీఏ కూడా ఓపెన్ సోర్సే, తెలుగు చదువుతుంది కూడా. దానికి చదవడానికి అక్షరాలు ఇవ్వాల్సింది మనం. కాబట్టి నోటీసు యూనికోడ్‌లో టైపు చేయండి. సంతకం, ముద్ర ఉన్న కాగితం పెట్టక తప్పకపోతే పైన అదే విషయం నాలుగు వాక్యాల్లో రాసి, కింద స్కాన్ పెట్టండి.

ఇంకో రెండు చిన్న సంగతులు. చాలా థీమ్‌లు ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. శీర్షికల్లో వరుసకూ వరుసకూ మధ్య చోటు తక్కువ ఉంచుతారు. తెలుగు శీర్షిక రెండు వరుసలు వస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. థీమ్ అమరికల్లో లైన్ హైట్‌ను 1.5కో 1.6కో పెంచితే సర్దుకుంటుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఉచిత ఫాంట్లు ఉన్నాయి, పరీక్షించి చూడండి. రెండోది పేజీ చిరునామా. శీర్షిక తెలుగులో ఇస్తే వర్డ్‌ప్రెస్ చిరునామాను కూడా తెలుగులోనే తయారుచేస్తుంది. దాన్ని వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో బారెడు పొడవు అవుతుంది. పేజీ ప్రచురించే ముందే చిరునామాను రెండు ముక్కల ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చండి. శీర్షిక తెలుగులోనే ఉంచండి.

నేర్చుకునే క్రమం

పుస్తకం ముందు పూర్తిగా చదివి తర్వాత చేద్దామనుకుంటే ఈ విద్య పట్టుబడదు. మీ నోట్‌బుక్‌లోని ప్రశ్నల్నే పాఠాలుగా చేసుకోండి. వర్డ్‌ప్రెస్ ఎంచుకున్నారనుకుని క్రమం చెబుతాను. మిగతావాటికీ దారి ఇదే.

మొదట వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ తెరవండి. ఏమీ ఎక్కించకుండా బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. అన్ని మీటలూ నొక్కి చూడండి. ఏం చెడినా పేజీ మళ్లీ తెరిస్తే మొదటికి వస్తుంది. ఆ భయం పోవడమే మొదటి మెట్టు.

రెండో మెట్టులో మీ కంప్యూటర్‌లోనే జాంప్ (XAMPP) అనే ఉచిత సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, దానిమీద వర్డ్‌ప్రెస్ పెట్టండి. డేటాబేస్ తయారుచేయడం, ఫోల్డరు సరైన చోట ఉంచడం మీ చేతులతో ఒకసారి చేస్తే, తర్వాత హోస్టింగ్ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. ఇక్కడ నాలుగు పేజీలు రాయండి: వేళలు, సభ్యత్వం, నో డ్యూస్, ఎన్‌లిస్ట్. ఒక్కో పేజీలో మొదటి వాక్యమే జవాబు కావాలి. "సెలవు రోజులు తప్ప ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు గ్రంథాలయం తెరిచి ఉంటుంది" అని మొదలవ్వాలి. గ్రంథాలయ ప్రాశస్త్యం తర్వాత రాయొచ్చు.

మూడో మెట్టు కేటలాగును ముంగిట్లోకి తేవడం. మొదటి పేజీలో 'కస్టమ్ హెచ్‌టీఎంఎల్' బ్లాకు పెట్టి, అందులో ఒక శోధన పెట్టె రాస్తే, పాఠకుడు అక్కడ టైపు చేసిన పేరు నేరుగా మీ కోహా శోధన పేజీకి వెళ్తుంది. దీనికి ఏడెనిమిది వరుసల కోడ్ చాలు. గ్రంథాలయ వెబ్‌సైట్‌కు ఇంతకంటే పనికొచ్చే అలంకారం లేదు.

నాలుగో మెట్టు చాలామంది వదిలేస్తారు, అదే అసలైనది. సైటుకు బ్యాకప్ తీసి, కావాలని సైటును చెరిపేసి, బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టండి. వర్డ్‌ప్రెస్‌లో రాసిన మాటలు డేటాబేస్‌లో ఉంటాయి, బొమ్మలూ థీమ్‌లూ ఫైళ్లలో ఉంటాయి. ఫైళ్లు మాత్రమే దాచుకుంటే ఒక్క వాక్యమూ తిరిగిరాదు. రెండూ దాచాలి, ఒక ప్రతి హోస్టింగ్‌కు బయట ఉండాలి. ఈ పరీక్ష మీ సొంత కంప్యూటర్‌లో నెగ్గాకే ఇంటర్‌నెట్‌లో అసలు సైటు ఎక్కించండి.

ఆగిపోయినప్పుడు అడగడానికి చోట్లున్నాయి. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో డ్రూపల్ మీద, కోహా మీద చిన్నచిన్న వీడియో పాఠాలు ఉచితంగా ఉన్నాయి. చూస్తూ పక్కనే చేసుకుంటూ పోయేలా వాటిని తయారుచేశారు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం చాలాకాలంగా పనిచేస్తోంది. సందేహం అడిగేటప్పుడు "పనిచేయడం లేదు" అని వదిలేయకండి. ఏం చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది, తెర మీద కనిపించిన పొరపాటు సందేశం ఏమిటి, ఏ వెర్షన్, ఈ ఐదూ రాయండి. రిఫరెన్స్ ప్రశ్నకు వివరాలు రాబట్టడం మీకు అలవాటే కదా, ఈసారి ఆ వివరాలు మీరే ఇస్తున్నారు.

చార్జి లిస్టులో వెబ్‌సైట్

చార్జి అప్పగించేటప్పుడు యాక్సెషన్ రిజిస్టరు, స్టాకు, అలమరాలు, తాళాలు అన్నీ రాసి ఇద్దరూ సంతకాలు పెడతారు. వెబ్‌సైట్ మాత్రం ఆ లిస్టులో ఉండదు. దాన్ని చేర్చండి.

డొమైన్ ఎవరి పేరిట ఉంది, గడువు ఏ తేదీ. హోస్టింగ్ ఎక్కడ, రుసుము ఏ బిల్లు కింద కడుతున్నారు. సీఎంఎస్ పేరు, వెర్షన్, మద్దతు ముగిసే తేదీ. ఏ ప్లగిన్ దేనికోసం వాడుతున్నారు. బ్యాకప్ ఎక్కడుంది, తిరిగి పెట్టడం ఎలా. ఏ పేజీ ఎన్నాళ్లకొకసారి సరిచూడాలి. ఇవన్నీ రెండు పేజీల్లో ఇమిడిపోతాయి. ఖాతాలు మీ సొంత మెయిల్ మీద తెరవకండి. గ్రంథాలయం పేరిట ఉన్న మెయిల్ మీద తెరవండి. పాస్‌వర్డ్‌లు సీలు చేసిన కవర్లో కార్యాలయంలో ఉంచి, మార్చినప్పుడల్లా కవరు మార్చండి.

వర్డ్‌ప్రెస్‌లో అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్ అని ఐదు స్థాయిలు ఉంటాయి. అడ్మినిస్ట్రేటర్ ఇద్దరికే ఇవ్వండి. నోటీసులు పెట్టేవారికి ఎడిటర్ చాలు. రాయడం నేర్చుకుంటున్న విద్యార్థికి కంట్రిబ్యూటర్ ఇస్తే రాయగలుగుతాడు, ప్రచురించేది మీరు. ఇలా ఇంకొకరి చేతికి పని అందించడం మొదలుపెట్టిన రోజునుంచే మీ వెబ్‌సైట్‌కు భద్రత. నేర్పుతున్నప్పుడు మీకే సరిగా తెలియనివి బయటపడతాయి. వాటిని ఆ రెండు పేజీల్లో చేర్చుకుంటూ పోండి.

ఈ అధ్యాయానికి అభ్యాసం

1. రేపే కౌంటర్ దగ్గర నోట్‌బుక్ పెట్టండి. రెండు వారాలయ్యాక మొదటి ఎనిమిది ప్రశ్నలు తేల్చండి.

2. మీ సంస్థలోనూ, పక్క కాలేజీల్లోనూ ఏ సీఎంఎస్ తెలిసినవాళ్లు ఎవరున్నారో పేర్లు రాయండి. ఐదు ప్రశ్నల తూకం వేసి, ఎంపికనూ కారణాన్నీ ఒక్క పేరాలో రాసి పై అధికారికి ఇవ్వండి.

3. సొంత కంప్యూటర్‌లో నాలుగు పేజీల సైటు కట్టి, చెరిపి, బ్యాకప్ నుంచి తిరిగి నిలబెట్టండి.

4. మీరు రాసిన రెండు పేజీల చార్జి కాగితాన్ని ఒక సహోద్యోగి చేతికిచ్చి, మీరు పక్కన లేకుండా పని వేళలు మార్చమనండి. ఎక్కడ చిక్కుకున్నారో అడిగి అక్కడ కాగితం సరిదిద్దండి.

5. సైటు అందరికీ తెరిచాక ముగ్గురు పాఠకులను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, వాళ్ల ఫోన్లలోనే నోట్‌బుక్‌లోని మొదటి మూడు ప్రశ్నలకు జవాబులు వెతకమనండి. మీరు దారి చెప్పకండి, చూస్తూ ఉండండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో రాసుకుని, వచ్చే వారం మీ రెండు గంటల పనిని అక్కడినుంచే మొదలుపెట్టండి.